గోడకు తిరిగిన ముగ్గురు

పోయినవారం నాలుకమ్మను బేకరీ వెనకగదిలో, పిండిబల్ల ముందు నిలబెట్టి వచ్చేశాం. చేతిలో కొరికిన బ్రెడ్ ముక్క, నోట్లో చేదు, మనసులో ఒకటే మాట: కోడలు నాకు ఏదో పెడుతోంది. ఆ మాట పైకి అనేలోపు మన పేజీ అయిపోయింది. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకు ఆవిడ కోపం అర్థం కావాలంటే రెండడుగులు వెనక్కి వెయ్యక తప్పదు.

నాలుకమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఓవెన్‌లోకి వెళ్లే ప్రతి పిండినీ ముందుగా చిటికెడు నాలుక మీద వేసుకుని ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేది ఆవిడే గనక ఆ పేరు వచ్చింది. ఆవిడ నోటి దురుసు వల్ల వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. దానికి మొగుడి దగ్గర్నుంచి గుమ్మం ముందు పడుకునే కుక్క దాకా అందరూ సాక్షులే. అలాంటి మనిషికి కిడ్నీల జబ్బు వచ్చింది. డాక్టరమ్మ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది: "మీ కిడ్నీలు చాలావరకు దెబ్బతిన్నాయి. వాటికంటే నాకు మీ గుండె గురించే ఎక్కువ భయం. ఈ జబ్బు ఉన్నవాళ్లను ఎక్కువగా తీసుకుపోయేది గుండెజబ్బే. బీపీ మాత్ర మానకండి. ఉప్పు తగ్గించండి. రోజూ కాసేపు నడవండి. ఒళ్లు నొప్పులని షాపులో మాత్రలు కొని మింగకండి."

ఉప్పు చూడటమే బతుకైన మనిషిని ఉప్పు తగ్గించమంటే ఎలా ఉంటుంది? క్లినిక్ మెట్లు దిగుతూ డాక్టరమ్మను తిట్టింది, ఇంటికొచ్చి మొగుణ్ని తిట్టింది, చివరికి మాట విన్నది. విని ఊరుకోలేదు కూడా. ఆ క్లినిక్‌లోనే డయాలిసిస్ హాల్లో మిషన్ల పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకునేవాళ్లను చూసి, వాళ్ల టీ వేళకు ఉప్పులేని బ్రెడ్ మేమే పంపిస్తామని మాటిచ్చి వచ్చింది. ఆ పిండి మిక్సర్ గిన్నెలో విడిగా తిరిగేది. అందులోంచే ఒక ముద్ద తీసి ఆవిడకూ ఒక బ్రెడ్ కాల్చేవాళ్లు. అయితే మాటివ్వడం వేరు, మింగడం వేరు. "కాగితం నమిలినట్టుంది" అని ఆవిడ పళ్లెం తోసేసేది. హాల్లోవాళ్లూ అదే మాట అంటున్నారని, వ్యాన్‌లో ట్రేలు దించి వచ్చిన కొడుకు చెప్పేవాడు. నాలుకమ్మ చిక్కిపోయింది. వేలి ఉంగరం జారిపోతుంటే దానికి దారం చుట్టుకుంది.

ఉన్నట్టుండి ఒకరోజు ఆవిడ బ్రెడ్‌కు రుచి వచ్చింది. తన నాలుకే అలవాటు పడింది కాబోలనుకుని సంబరపడి, అడిగి మరీ రెండోముక్క తిన్నది. కొన్నాళ్లకు ఆ రుచి అడుగున సన్నగా చేదు తగలసాగింది, ఇనుప చెంచా నాకినట్టు. ఒక ముక్కలో ఉండేది, ఇంకో ముక్కలో ఉండేది కాదు. చెబితే ఎవరూ నమ్మలేదు. ఈ జబ్బులో నోరు చేదవుతుందని డాక్టరమ్మ చెప్పింది కదా అన్నారు. నిజమే, చెప్పింది. ఇన్నేళ్లూ ఊరందరి ఉప్పునూ తూచిన నాలుకను తనే నమ్మాలో వద్దో తెలియని గతి పట్టింది ఆవిడకు.

కాళ్ల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. మెట్టెక్కబోతే అవి తనవి కానట్టు బరువెక్కేవి. గుండె కూడా మామూలుగా కొట్టుకుంటూనే ఒక్కక్షణం ఆగి, ఆ తర్వాత గట్టిగా తన్నేది. ఇంతలో నిన్న కోడలు ఫోన్‌లో ఎవరితోనో అంటున్న మాట చెవిన పడింది: "ఎట్టకేలకు తింటోంది. మొత్తం తినేదాకా ఎదురుగా నిలబడి చూస్తున్నా." ఇక ఆవిడకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఇప్పుడు ఆ వెనకగదిలోకి వెళ్దాం.

మధ్యాహ్నం బేరం తగ్గింది. షట్టర్ సగం దించి ఉంది. కొడుకు క్లినిక్ ట్రేలు వ్యాన్‌లో పెట్టుకుని వెళ్లి కాసేపయింది. చల్లబడుతున్న ఓవెన్ ఉండుండి టక్కుమంటోంది. ఓవెన్ పక్కన పీట వేసుకుని ముసలాయన ట్రేలకు నూనె రాస్తున్నాడు. పెళ్లాం నోరెత్తితే ఆయన చేతులు వేగం అందుకుంటాయి. అది ఆయన నేర్చుకున్న ఆత్మరక్షణ.

"అమ్మాయ్! ఇలా రా."

కోడలు కౌంటర్ దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బల్ల మీద కొరికిన ముక్క చూసి మొహం ముడిచింది. "ఇవాళ వదిలేశారేం అత్తయ్యా? నిన్నటిదాకా బానే తిన్నారుగా."

"ఇందులో ఏం కలిపావు?"

"నేనా? నేను కౌంటర్ వదిలి పిండి ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానన్నది మీరేగా. ఏం కలుపుతాను?"

"నవ్వులాట కాదు. పళ్లెం తెచ్చేది నువ్వు. తినేదాకా కాపలా కాసేది నువ్వు. కేకుల షాపు పెడదాం, ఈ బ్రెడ్డు గొడవ మానేద్దాం అని పోరు పెట్టింది నువ్వు. నేనుంటే అది సాగదని తెలుసు నీకు."

కోడలి చేతిలో గుడ్డ నలిగి ఉండయింది. "అంటే ఏంటి అత్తయ్యా? సగం మింగి సగం అనకండి. ఏం పెడుతున్నానో అది కూడా మీరే చెప్పండి."

"విషం పెడుతున్నావు."

ముసలాయన చేతిలోంచి ట్రే జారి గచ్చు మీద పడింది. చప్పుడు గదంతా తిరిగి ఆగింది. అన్న తర్వాత నాలుకమ్మకే భయమేసింది. ఇన్నాళ్లూ అత్తాకోడళ్లు అనుకున్న మాటలన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. అయినా వెనక్కి తీసుకోలేదు. అరిచిన గస తీరక గుండె ఒక దెబ్బ తప్పి, మళ్లీ అందుకుంది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

కోడలి కళ్లనిండా నీళ్లు తిరిగాయి గానీ అవి కారలేదు. కారితే ఓడిపోయినట్టని ఆ పిల్లకు తెలుసు. ఆ విద్య అత్త దగ్గర నేర్చుకున్నదే. "మా అమ్మతో ఫోన్‌లో సంబరంగా చెప్పుకున్నాను, మా అత్తయ్య తింటోంది, బతుకుతుంది అని. సరే. రుచి మీద తగువొస్తే ఈ బేకరీలో ఏం చేస్తారో నేను కాపురానికొచ్చిన కొత్తలో మీరే నేర్పారు. పదండి. గోడకు తిరుగుదాం."

అది ఆ ఇంటి పద్ధతి. నాలుకమ్మ మామగారి కాలం నుంచీ ఉంది. ఉప్పు ఎక్కువైందని ఒకరు, తక్కువైందని ఒకరు వాదులాడుకుంటే నోళ్లు మూయించి అందరికీ ఒకే బ్రెడ్‌లోంచి తలా ముక్క ఇచ్చేవాళ్లు. అందరూ గోడకు తిరిగి తినాలి. పక్కవాడి మొహం చూస్తే నాలుక అబద్ధమాడుతుందని పెద్దాయన నమ్మకం. లోపం తగిలినవాడు చెయ్యి పైకెత్తాలి, లేనివాడు దించుకోవాలి. నమిలి మింగాక అందరూ ఒక్కసారిగా ఇటు తిరిగితే తగువు అక్కడికక్కడే తేలిపోయేది.

కోడలు చాకు తీసుకుని, అత్త పళ్లెంలోని బ్రెడ్‌ను కొరకని వైపు నుంచి మూడు ముక్కలు కోసింది. ఒకటి అత్త ముందు పెట్టింది. ఒకటి తను తీసుకుంది. మూడోది మామగారికి అందించింది.

"నాకెందుకమ్మా ఇప్పుడు?" అన్నాడాయన.

"నువ్వూ తిరుగు. మేమిద్దరం చెరో మాట అంటే తేల్చడానికి మూడో నాలుక ఉండాలిగా" అంది నాలుకమ్మ.

ముగ్గురూ గోడకు తిరిగారు. ఏళ్ల తరబడి పిండి ఎగిరి పడి గరుకెక్కిన గోడ అది. నాలుకమ్మ కళ్లు మూసుకుని ముక్క నోట్లో పెట్టుకుంది. ముందు పైపొర కాస్త మాడిన వాసన, తర్వాత మెత్తదనం, తర్వాత ఉప్పు. ఆ తర్వాత చేదు. కానీ ఇవాళ చేదులో ఏదో తేడా ఉంది. అదేమిటో నాలుక చివర దాకా వచ్చి మాట కాకుండా ఆగిపోయింది. ఇది జబ్బు చేదే అయి, ఆ పిల్ల చెయ్యి కిందే ఉంటే తన గతేమిటి? అన్న మాటా మిగలదు, నాలుకా మిగలదు. అప్పుడిక తను ఎందుకు పనికొస్తుంది? ఆ క్షణంలో నాలుకమ్మ కోరుకున్నది ఒక్కటే, తన నాలుక నిజం కావాలని. నిజమైతే తనకు ఎవరో విషం పెడుతున్నట్టే అన్న సంగతి కూడా గుర్తులేదు ఆవిడకు. చెయ్యి పైకెత్తింది.

ఇటు తిరిగింది.

కోడలి చెయ్యి పైకే ఉంది. ఆ పిల్ల మొహంలో రంగు లేదు. "చేదుగానే ఉంది అత్తయ్యా" అంది మెల్లగా. "నిజంగానే ఉంది. ఇన్నాళ్లూ మేం నమ్మలేదు."

నాలుకమ్మకు ముందు సంతోషం కలిగింది. సిగ్గులేని సంతోషం. తన నాలుక బతికే ఉంది. వెంటనే ఇంకో సంగతి తట్టింది: విషం కలిపిన మనిషి అదే ముక్కను తను నమిలి మింగదు. కలిపింది ఈ పిల్ల కాదు.

అత్తా కోడళ్లిద్దరూ ఒకేసారి ముసలాయన వైపు చూశారు. ఆయన ఇంకా గోడకే తిరిగి ఉన్నాడు. చెయ్యి పైకీ లేదు, కిందికీ లేదు. గుప్పిట్లో బ్రెడ్ ముక్క నలిగిపోయి పొడి రాలుతోంది. గోడకు తిరిగినవాడు ముక్క నోట పెట్టకపోవడం ఆ బేకరీ పుట్టాక అదే మొదలు.

"తినలేదేం?" అంది నాలుకమ్మ.

"అది చేదని నాకు తెలుసు" అన్నాడాయన గోడతోనే. "పంచదార వేసి చూశాను. పైన కాస్త మాడ్చి చూశాను. పోలేదు."

"ఏమయ్యా... నువ్వా?"

ఆయన ఇటు తిరిగాడు. కొట్టడానికి పిలిస్తే వచ్చే పిల్లాడి నడకతో మూలనున్న మైదా బస్తాల వెనక్కి వెళ్లి ఒక ప్యాకెట్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. తెల్లటి ప్యాకెట్. మధ్యలో ఎర్రటి గుండె బొమ్మ.

"ఉప్పేనే. గుండెకు మంచి ఉప్పు. నువ్వు తిండి మానేసి పుల్లలా అయిపోతుంటే చూడలేక షాపులో అడిగాను, గుండెకు చెరుపు చెయ్యని ఉప్పేమైనా ఉందా అని. ఇదిచ్చాడు. బొమ్మ చూశావుగా. సోడియం తక్కువంట. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అనుకున్నాను. క్లినిక్ పిండిలోంచి నీ ముద్ద పక్కకు తీసి, ఇది చేత్తో పిసికి పెట్టేవాణ్ని. మామూలు ఉప్పంత ఉప్పదనం దీనికి లేదు, అందుకని రెట్టింపు వేశాను. మరి మంచిదే కదా, ఎక్కువైతే ఏం పోయింది?"

"నాకు చెప్పి చావొచ్చుగా!"

"చెబితే తింటావా? ఉప్పుకు బదులు ఇంకేదో వేసినవాడు బేకరీవాడే కాదని ఊరంతా వినేట్టు అరిచేదానివి నువ్వేగా."

నాలుకమ్మ నవ్వింది. నవ్వాగక కుర్చీలో కూలబడింది. కళ్లలో నీళ్లొచ్చాయి. ఈ మొద్దు మనిషి, పెళ్లినాటి నుంచీ ఒక్క రహస్యం దాచలేని మనిషి, తన కోసం దొంగలా బస్తాల వెనక దూరాడు. ఆయన మీద ప్రేమ ముంచుకొచ్చింది ఆవిడకు. కోడలివైపు చూడాలంటే మాత్రం తల లేవలేదు.

కోడలు మాత్రం నవ్వలేదు. ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి చూస్తోంది. "గుండెకు మంచిదే అనుకుందాం. కిడ్నీలకో? ఒక్క మాట డాక్టరమ్మను అడిగితే పోయేదేముంది?" అంటూ ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ డయాలిసిస్ హాల్లోనే ఉన్నట్టుంది. వెనక మిషన్ల హోరు వినిపిస్తోంది. ముందు సరదాగానే పలకరించింది. "ఏమంటోంది మా నాలుకమ్మ? నన్ను తిట్టడం అయిందా ఇవాళ?" కోడలు ఉప్పు సంగతి చెప్పడం మొదలుపెట్టింది. సగంలోనే అవతల సరదా ఆగిపోయింది.

"ప్యాకెట్ మీద పొటాషియం అని ఉందా? చూడు."

"ఉంది."

"ఎన్నాళ్లుగా తింటోంది?"

"కొన్ని వారాలుగా. రోజూ" అన్నాడు ముసలాయన.

"వినండి. ఆ ఉప్పులో సోడియం తగ్గించి ఆ చోట పొటాషియం వేస్తారు. కిడ్నీలు బాగున్నవాళ్లయితే ఎక్కువైంది ఒంట్లోంచి బయటికి పోతుంది. ఈవిడ కిడ్నీలు పంపలేవు. ఈవిడ వేసుకునే బీపీ మాత్ర కూడా దాన్ని పోనివ్వదు. రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. చెప్పాపెట్టకుండా ఆగిపోనూవచ్చు. అమ్మా, మీరు వింటున్నారా? కాళ్లు బరువుగా ఉంటున్నాయా?"

నాలుకమ్మ తన కాళ్లవైపు చూసుకుంది. మొగుడూ కోడలూ ఆవిడవైపే చూస్తున్నారు.

"ఉంటున్నాయి" అంది చివరికి.

"గుండె?"

"మధ్యలో ఆగి కొట్టుకుంటోంది. చెబితే ఆస్పత్రిలో పడేస్తారని చెప్పలేదు."

"లేవకండి. ఒక్క అడుగు కూడా వెయ్యకండి. మా అంబులెన్స్ పంపిస్తున్నాను. రాగానే ఈసీజీ తీసి, ఇంజెక్షన్లు మొదలుపెడదాం. ఆ ప్యాకెట్ వెంట తీసుకురండి. ఫోన్ కట్ చెయ్యకండి, డ్రైవర్‌కు చెప్పి ఇప్పుడే వస్తాను." ఫోన్‌ను ఎక్కడో పెట్టిన చప్పుడు, దూరమవుతున్న అడుగులు వినిపించాయి. ఆ తర్వాత మిషన్ల హోరు ఒక్కటే మిగిలింది.

ముసలాయన గచ్చు మీద పెళ్లాం కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. నూనె చేతులతో ఆవిడ పాదం పట్టుకున్నాడు.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట" అంది నాలుకమ్మ. నవ్విద్దామని అంది. ఎవరూ నవ్వలేదు. "అమ్మాయ్, నిన్ను అనరాని మాట అన్నాను. నా నోట్లో చేదు నీ మీద కక్కాను."

"తర్వాత తీరిగ్గా తిట్టుకుందాం అత్తయ్యా. మీరు ముందు ఊపిరి తీసుకోండి." కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని నాడి మీద వేలు పెట్టింది. ఆ వేలికింద నాడి కొట్టుకుంది, కొట్టుకుంది, ఆగింది. ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. మళ్లీ కొట్టుకుంది.

చావు ఇంత దగ్గరగా వచ్చి కూర్చుంటే ఎవరైనా దేవుణ్నో కొడుకునో తలుచుకుంటారు. నాలుకమ్మ మాత్రం బ్రెడ్ గురించే ఆలోచించింది, అలవాటు అలాంటిది. పళ్ల సందున ఇరుక్కున్న తునకను నాలుకతో తిప్పుతూ ఉండగా, ఇందాక గోడ దగ్గర అందకుండా పోయిన తేడా ఇప్పుడు అందింది.

"ఏమయ్యా."

"ఊఁ."

"నిన్నటిదాకా చేదు అక్కడక్కడా తగిలేది. ముద్ద విడిగా తీసి చేత్తో పిసికానన్నావు, ఉప్పు అన్నిచోట్లా సమంగా కలవలేదు. ఇవాళ అలా లేదు. ఆ చివర కొరికాను, ఈ చివర కొరికాను, అంతా ఒకేలా ఉంది." ఆవిడ వంగి ఆయన గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "ఇది చేత్తో పిసికింది కాదు. మిక్సర్ గిన్నెలో తిరిగింది. గిన్నెలో మిగతా పిండి ఏమైంది?"

ఆయన కళ్లు గోడ పక్కన ట్రేలు పెట్టే అరలవైపు వెళ్లాయి. అరలన్నీ ఖాళీ.

"వాళ్లు కూడా కాగితంలా ఉందంటున్నారని అబ్బాయి చెబుతున్నాడు కదా" అన్నాడు. "నీకు పడింది కదా, పాపం వాళ్లకూ గుండెలుంటాయి కదా అని... ఇవాళే మొదలే. ఇవాళ ఒక్కరోజే..."

కోడలు అత్త చెయ్యి వదిలేసి ఫోన్ మీదికి ఉరికింది. "డాక్టరమ్మా! బ్రెడ్ పెట్టకండి! ఎవరైనా ఉన్నారా అక్కడ? ఆ బ్రెడ్ ఎవరికీ పెట్టకండి!"

ఎవరూ పలకలేదు. అవతల హోరులో ట్రాలీ చక్రాలు కిర్రుమంటూ ఒక చోట ఆగి, మళ్లీ కదిలాయి. కప్పులు తగిలిన చప్పుడైంది. పళ్లేలు ఒకదాని తర్వాత ఒకటి పెడుతున్నారు. అంతలో ఫోన్‌కు దగ్గర్లోనే ఎవరో ఒక ముసలి గొంతు, నోటినిండా ముద్ద పెట్టుకుని, ఎంతో తృప్తిగా అంది:

"అబ్బ! ఇన్నాళ్లకు బ్రెడ్‌కు రుచి వచ్చిందర్రా. తినండి, తినండి."